యూనివర్సిటీ నేలకు వందేళ్ల లెక్క



ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టినప్పుడు దానికి సొంత ఇల్లు లేదు. గన్‌ఫౌండ్రీలో, నిజాం కాలేజీ పక్కన ఉన్న బంగళాల్లో పాఠాలు మొదలయ్యాయి. మొదట చేరిన విద్యార్థులు 225 మంది. ఆ మాత్రం పిల్లలకు నగరం నడిబొడ్డున ఇంకో రెండు మేడలు కొనిపెడితే అప్పటికి పని గడిచిపోయేది. ప్రభుత్వం అంతటితో సరిపెట్టుకోలేదు. అప్పట్లో బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉన్న పాట్రిక్ గెడ్డెస్‌ను పిలిపించి, శాశ్వతమైన క్యాంపస్‌కు ఏ చోటు బాగుంటుందో చూసి చెప్పమంది. గెడ్డెస్ స్కాట్లాండ్ దేశస్థుడు. వృక్షశాస్త్రం బోధించిన మనిషి, ఆ తర్వాతే పట్టణ ప్రణాళికలోకి వచ్చాడు. ముందు నేలను చూడాలి, ఆ తర్వాతే గీత గీయాలి అన్నది ఆయన పద్ధతి. హైదరాబాద్ చుట్టూ ఉన్న స్థలాలు పరిశీలించి 1923లో నివేదిక ఇచ్చాడు. చివరికి ఊరికి దూరంగా, అడిక్‌మెట్ దగ్గర రాళ్లగుట్టల నేల ఖాయమైంది.

ఆ తర్వాత కూడా తొందరపడలేదు. సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని విదేశాల్లో విశ్వవిద్యాలయాలు ఎలా కట్టారో చూసి రమ్మని పంపారు. ఆ ప్రయాణం ఫలితంగానే ఈజిప్టులో పనిచేసిన బెల్జియం ఆర్కిటెక్టు జాస్పర్ హైదరాబాద్ వచ్చి ప్లాన్లు గీశాడు. 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబర్ 4న తెరుచుకుంది. నివేదిక చేతికి అందిన నాటినుంచి లెక్కేస్తే పదహారేళ్లు.

ఆ పదహారేళ్లను ఆలస్యం అనడానికి నాకు మనసొప్పదు. ఇవాళ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్న కుర్రవాడికి ముందున్న ఆ విశాలమైన ఖాళీ, దాని మధ్యలోంచి వచ్చే రోడ్డు, రెండు పక్కలా చెట్లు, ఇవేవీ వాటంతటవి మిగిలిపోలేదు. అక్కడ ఏమీ కట్టకూడదని ఎవరో ముందే అనుకున్నారు కాబట్టి మిగిలాయి. నగరం వచ్చి చుట్టుముట్టాక కూడా ఆ భవనం ముందు నిలబడితే ఊపిరాడుతుంది. తెలంగాణ ఉద్యమ కాలంలో వేలమంది విద్యార్థులు చేరింది ఆ ఖాళీలోనే. 1923లో దాన్ని ఎవరూ ఊహించి ఉండరు. ఖాళీ జాగా ఉంచడమంటే అదే. దేనికి పనికొస్తుందో తెలియకపోయినా, తర్వాత వచ్చేవాళ్లకు అవసరం ఉంటుందని నమ్మి ఉంచడం.

ఈ పూట నా ప్రసంగం విశ్వవిద్యాలయాల స్థలం గురించి. యాభై ఏళ్లు, వందేళ్లు ముందుకు చూసి దాన్ని ఎలా వాడుకోవాలి, ఎలా కాపాడుకోవాలి అన్న దాని గురించి. ఇది ఇంజనీర్ల గొడవ, వైస్ ఛాన్సలర్ల గొడవ అనుకుంటాం. కానీ మన పిల్లలు నాలుగైదేళ్లు ఉండే చోటు అది. వాళ్ల హాస్టల్ గది, వాళ్లు తాగే నీళ్లు, రాత్రి లైబ్రరీ నుంచి ఆడపిల్ల నడిచి వచ్చే దారి, అన్నీ ఆ కాగితం మీద ఉన్న గీతలను బట్టే ఉంటాయి.

అదే హైదరాబాద్‌లో రెండో కథ చెబుతాను. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. ప్రత్యేక తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత కుదిరిన ఒప్పందం అది. అందులో హైదరాబాద్‌లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెడతామన్న మాట కూడా ఉంది. దాని కోసం రాజ్యాంగాన్నే సవరించి 371-ఇ అధికరణం చేర్చారు. 1974లో చట్టం వచ్చింది. సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో విశ్వవిద్యాలయం మొదలైంది. 1975లో గచ్చిబౌలిలో దాదాపు 2,300 ఎకరాలు కేటాయించారు. అప్పటికి గచ్చిబౌలి అంటే నగరం దాటి చాలా దూరం. బండరాళ్లు, తుప్పలు, పశువులు మేసే నేల. 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్ రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు నిలబడి ఉండే ప్రదేశం.

భూమి ఇచ్చారు, నిజమే. కానీ దాన్ని విశ్వవిద్యాలయం పేరు మీదికి మార్చే పని పూర్తి చేయలేదు. ఎకరాకు విలువ లేని రోజుల్లో పత్రం గురించి ఎవరికీ పట్టలేదు. విశ్వవిద్యాలయం తరగతులు, ప్రయోగశాలలు, నియామకాల మీద దృష్టి పెట్టింది. అది సహజమే. ఈలోగా నగరం పడమటికి నడిచింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత పదేళ్లలో గచ్చిబౌలి ముఖమే మారిపోయింది. విశ్వవిద్యాలయానికి చూపించిన నేలలోంచే ట్రిపుల్ ఐటీకి, స్టేడియానికి, బస్ డిపోకు, టాటా పరిశోధనా సంస్థకు స్థలాలు వెళ్లాయి. అవన్నీ ప్రజలకు అవసరమైన సంస్థలే, వాటిలో కొన్ని దేశానికే పేరు తెచ్చాయి. నా బాధ వేరే. ప్రతి కోతా ఆ పూటకు ఆ పూట జరిగింది. ఇంత ఇస్తే ఇంకెంత మిగులుతుంది, మిగిలినదాంట్లో రేపటి విశ్వవిద్యాలయం పడుతుందా అని మొత్తం పటం ముందు పెట్టుకుని వేసిన లెక్క కనబడదు.

2003, 2004 సంవత్సరాల్లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సర్వే నంబరు 25లోని 400 ఎకరాలను ఒక క్రీడా శిక్షణ సంస్థకు కట్టబెట్టింది. తర్వాత వచ్చిన మరో ప్రభుత్వం 2006లో దాన్ని రద్దు చేసింది. వ్యాజ్యం నడిచింది. 2024లో హైకోర్టులో, తర్వాత సుప్రీంకోర్టులో రాష్ట్ర ప్రభుత్వమే గెలిచింది. ఈ 400 ఎకరాలకు బదులుగా గోపన్‌పల్లిలో 397 ఎకరాలు విశ్వవిద్యాలయానికి ఎప్పుడో ఇచ్చేశాం, ఇది మా భూమి అని ప్రభుత్వం అంది. హద్దులు తేల్చే సర్వే జరగనే లేదని విశ్వవిద్యాలయం అంది. 2025 మార్చి చివరి రోజుల్లో పదుల సంఖ్యలో జేసీబీలు దిగి రాత్రింబవళ్లు చెట్లు కూల్చడం, విద్యార్థులు అడ్డుపడడం, పోలీసులు వాళ్లను పట్టుకెళ్లడం మనమంతా చూశాం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని పనులు ఆపించింది. అప్పటికే వంద ఎకరాల దాకా పచ్చదనం పోయింది.

నెమళ్లు, చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు ఉన్న చోటు అది. విద్యార్థులు పీకాక్ లేక్ అని, బఫెలో లేక్ అని పేర్లు పెట్టుకున్న చెరువులు ఆ పరిసరాల్లోనే ఉన్నాయి. చట్టం ప్రకారం ఎవరిది గెలుపు అన్నది కోర్టులు తేలుస్తాయి. నాకు కనబడేది ఇంకొకటి. 1975లో ఒక రిజిస్ట్రేషన్, ఒక సర్వే, హద్దురాళ్లు, వీటికి పట్టే ఖర్చు ఎంత? అర్ధశతాబ్దం తర్వాత అదే ప్రాంతానికి పక్కనే ఉన్న కోకాపేటలో, 2023 వేలంలో ఎకరం వంద కోట్ల రూపాయలు దాటింది. ఆ ధర దగ్గర మాట మీద నిలబడేవాళ్లు ఎవరూ ఉండరు, ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే. అందుకే విశ్వవిద్యాలయ ప్రణాళికలో మొదటి పని ఆర్కిటెక్టుది కాదు, తహసీల్దారుది, సర్వేయరుది. నేల పేరు మీద ఉండాలి, హద్దు నేల మీద ఉండాలి. అది లేకుండా గీసిన మాస్టర్ ప్లాన్, ఎంత అందమైన బొమ్మలున్నా, గోడకు తగిలించుకోవడానికే.

కబ్జాల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పెద్ద ఆవరణలున్న మన పాత విశ్వవిద్యాలయాల్లో ప్రహరీ లేని వైపు నుంచి ఇళ్లు లోపలికి జరుగుతూ రావడం, తర్వాత వాటికి కరెంటు మీటర్లు, ఇంటి నంబర్లు రావడం పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో.

ఇక లోపలికి వద్దాం.

భవనాలు ఎన్ని కావాలో తేలాలంటే మనుషులు ఎంతమందో తెలియాలి. ఇక్కడే మన ప్రణాళికలు ఎక్కువగా దెబ్బతింటాయి. ఒక ఉదాహరణ. 2006లో కేంద్ర విద్యాసంస్థల్లో బీసీలకు 27 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. జనరల్ సీట్లు తగ్గకుండా ఆ 27 శాతం ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. లెక్క చూడండి. వంద సీట్లున్న చోట ఎస్సీ, ఎస్టీలకు ఇరవై రెండున్నర పోగా మిగిలినవి డెబ్బై ఏడున్నర. ఆ డెబ్బై ఏడున్నర అలాగే ఉండి, కొత్త శాతాలు కూడా కుదరాలంటే మొత్తం సీట్లు 154 కావాలి. అంటే 54 శాతం పెంపు, అదీ మూడు నాలుగేళ్లలో. 2019లో ఆర్థికంగా వెనకబడినవారి పది శాతం కోటాకు మళ్లీ ఇంకో పాతిక శాతం.

ఆ పెంపు జరగాల్సిందే. పల్లెల నుంచి, మొదటి తరం చదువుల ఇళ్ల నుంచి పిల్లలు విశ్వవిద్యాలయాలకు వచ్చారంటే దానివల్లే. దాన్ని తప్పుపట్టేవాళ్లతో నాకు ఏకీభావం లేదు. కానీ సీటు కాగితం మీద ఒక్క రోజులో పుడుతుంది, హాస్టల్ గది పుట్టడానికి మూడేళ్లు పడుతుంది. ఆ మూడేళ్ల భారం మోసింది ఆ పిల్లలే. ఇద్దరి గదిలో నలుగురు, మెస్సులో రెండు పంక్తులు, పొద్దున్నే బకెట్ పట్టుకుని వరుస. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో నాన్‌బోర్డర్లు అన్న మాట తెలియని విద్యార్థి ఉండడు. స్నేహితుడి గదిలో నేల మీద పక్క పరుచుకుని పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు వాళ్లు. వాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. నీళ్ల ట్యాంకు సామర్థ్యం లెక్కలోనూ ఉండరు, మురుగు పైపు వెడల్పు లెక్కలోనూ ఉండరు. కానీ నీళ్లు వాడతారు, అన్నం తింటారు. ప్లానింగ్ చేసేవాళ్లు వాళ్లను లెక్కించాలి. ఉండకూడని వాళ్లు కదా అని వదిలేస్తే ట్యాంకు ఖాళీ కాక మానదు.

రాబోయే రోజుల్లో ఈ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. 2020 జాతీయ విద్యావిధానం 2035 నాటికి కాలేజీ వయసు పిల్లల్లో సగం మంది ఉన్నత విద్యలో ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. వాళ్లందరూ ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ పడుకుంటారు అన్న ప్రశ్నకు ప్రతి విశ్వవిద్యాలయం దగ్గరా ఇప్పుడే ఒక అంకె ఉండాలి.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఈ అంకెను దాచడానికి వీల్లేదు. ప్రతి క్యాంపస్సూ దీర్ఘకాల అభివృద్ధి ప్రణాళిక ప్రకటించాలి. అందులో ఎంతమంది విద్యార్థులు వస్తారని అంచనా, దానివల్ల ఇరుగుపొరుగు మీద, నీటి మీద, అద్దెల మీద ఏం ప్రభావం పడుతుంది అన్నది ఉండాలి. మన తెలుగు పిల్లలు ఎందరో చదువుకున్న బర్క్‌లీ 2005లో అలాంటి ప్రణాళికే వేసుకుంది. 2020 నాటికి విద్యార్థులు 33 వేల చిల్లర ఉంటారని అంచనా వేసింది. తీరా వచ్చింది 42 వేలకు పైనే. ఇళ్లు దొరక్క, అద్దెలు పెరిగి ఇబ్బంది పడ్డ చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెక్కారు. 2022లో కోర్టు ఆదేశాలతో ప్రవేశాలు కుదించాల్సిన పరిస్థితి వచ్చింది. చివరికి రాష్ట్ర శాసనసభ ఆదరాబాదరాగా కొత్త చట్టం చేసి గట్టెక్కించింది. అంచనా తప్పడం ఎక్కడైనా ఉంటుంది. అక్కడ అంచనా బయట ఉంది కాబట్టి తప్పిందని జనానికి తెలిసింది, అడగడానికి ఆధారం దొరికింది. మన దగ్గర ఆ అంకే బయటికి రాదు, కాబట్టి తప్పినా తెలియదు.

మన విశ్వవిద్యాలయాల్లో భవనం ఎక్కడ పుడుతుందో గమనించారా? చాలాసార్లు గ్రాంటు ఎప్పుడు వచ్చిందన్నదాన్ని బట్టి పుడుతుంది. డబ్బు ఆలస్యంగా విడుదలవుతుంది. మార్చి 31 లోపు ఖర్చుచేసి వినియోగ పత్రం పంపాలి, లేకపోతే మురిగిపోతుంది. అప్పుడు రోడ్డుకు దగ్గరగా, కరెంటు అందుబాటులో, బండరాళ్లు లేని చోటు ఏదైతే అది ఎంచుకుని పునాది తీస్తారు. ప్రతి విభాగానికీ తనదంటూ ఒక భవనం కావాలి, దాని ముందు పోర్టికో కావాలి. ముప్పై ఏళ్లకు చూస్తే క్యాంపస్ నిండా చిన్న చిన్న రెండంతస్తుల పెట్టెలు, వాటి మధ్య ఎవరికీ పనికిరాని ఖాళీలు, ఎండలో నడవలేని దూరాలు. అందరి ప్రయోగశాలలకూ ఉమ్మడిగా ఒక పెద్ద భవనం కట్టాలన్న ఆలోచన వచ్చేసరికి దానికి సరిపడే అంత నేల ఒకే చోట ఉండదు.

ఇప్పుడు ఇంకో మార్పు వచ్చింది. 2017లో కేంద్ర విద్యాసంస్థల భవనాలకు హెఫా అనే సంస్థ ద్వారా అప్పు ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పు తెచ్చి కట్టిన గోడ తప్పుచోట ఉంటే, వాయిదాలు కడుతున్నంతకాలం ఆ తప్పు గుర్తుకొస్తూనే ఉంటుంది.

ఒక విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ సెల్ గది చూశాను. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను, అనేక చోట్ల ఇదే పరిస్థితి. ఇనుప బీరువా తలుపు కిర్రుమంటూ తెరుచుకుంటుంది. లోపల చుట్టలు చుట్టలుగా పాత బ్లూప్రింట్లు. వెనక గుడ్డ అతికించినవి కొన్ని, మడతల దగ్గర చీలి సెల్లోటేపుతో అంటించినవి కొన్ని. నీలం రంగు వెలిసి, గీతలు కనబడీ కనబడకుండా ఉన్నాయి. ఒకదానిమీద ఎవరో ఎర్ర పెన్సిల్‌తో ఒక నీళ్ల లైను గీసి, పక్కన ఒక సంవత్సరం వేశారు. ఆ లైను ఇప్పుడు నేలలో ఉందో లేదో ఆ గదిలో ఎవరికీ తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, వాల్వ్‌లు తిప్పే మనిషి. ఏ వాల్వ్ తిప్పితే ఏ హాస్టల్‌కు నీళ్లు పోతాయో, ఏ చెట్టు పక్కన ఏ పైపు మలుపు తిరుగుతుందో అతని కాళ్లకు తెలుసు. రెండేళ్లలో రిటైర్ అవుతున్నాడు. అతని వెంట ఎవరినైనా తిప్పి ఆ మొత్తం కాగితం మీద పెట్టించారా అని అడిగాను. ఫైలు పెట్టామన్నారు.

దీర్ఘకాల ప్రణాళిక అంటే పెద్ద పెద్ద బొమ్మలే గుర్తొస్తాయి మనకు. ఆ వాల్వ్ మనిషి బుర్రలో ఉన్నదాన్ని మ్యాపులోకి ఎక్కించడం కూడా దీర్ఘకాల ప్రణాళికే. నేల కింద ఏముందో తెలియకుండా నేల మీద ఏం కట్టాలో నిర్ణయిస్తే, కొత్త భవనం పునాది తవ్వే రోజునే పాత హాస్టల్‌కు నీళ్లు ఆగిపోతాయి. జీపీఎస్ పరికరం పట్టుకుని ఒక సర్వే బృందం కొన్ని నెలల్లో చేయగల పని ఇది. సివిల్ ఇంజనీరింగ్, భూగోళ శాస్త్రం విభాగాలున్న విశ్వవిద్యాలయం తన విద్యార్థుల చేతే చేయించుకోవచ్చు. వాళ్లకు అదే ప్రాజెక్టు అవుతుంది.

నీటి సంగతి కూడా ఇలాంటిదే. దక్కన్ నేలలో పైన పలచటి మట్టి, దాని కింద రాయి. వాన పడితే నీళ్లు ఇంకేది కొన్ని చోట్ల మాత్రమే. బండల సందుల్లో, పల్లాల్లో, చిన్న కుంటల్లో. ఆ పల్లం ఎండాకాలంలో చూస్తే ఖాళీ జాగాలాగే ఉంటుంది. చదును చేయడం తేలిక, రాయి పగలగొట్టక్కర్లేదు, కాబట్టి కాంట్రాక్టరుకు ముద్దు. అక్కడ భవనం కట్టాక మొదటి పెద్ద వానకు సెల్లార్‌లో మోకాళ్ల లోతు నీళ్లు నిలుస్తాయి. నాలుగో ఏడు నుంచి క్యాంపస్ బోర్లు ఎండిపోతాయి, ట్యాంకర్లు మొదలవుతాయి. క్యాంపస్‌లో ఎక్కడ ఏం కట్టాలన్న పటానికి ముందు, ఎక్కడ ఎప్పటికీ ఏమీ కట్టకూడదన్న పటం గీయాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ పటాన్ని పాలకమండలి ఆమోదించాలి. దాన్ని మార్చాలంటే మామూలు మెజారిటీ చాలదు, బహిరంగ విచారణ జరగాలి అన్న నిబంధన ఉండాలి. వైస్ ఛాన్సలర్ పదవీకాలం మూడేళ్లో అయిదేళ్లో. చెరువు కట్టకు ఆ పదవీకాలంతో పని లేదు.

భూమి ఉన్న విశ్వవిద్యాలయానికి డబ్బు లేకపోతే ఏం చేయాలి, అమ్ముకోవద్దా అని అడిగేవాళ్లున్నారు. స్టాన్‌ఫర్డ్ సంగతి చెబుతాను. 1885లో స్థాపక పత్రం రాసినప్పుడే, ఇచ్చిన భూమి అమ్మడానికి వీల్లేదని లీలాండ్ స్టాన్‌ఫర్డ్ దంపతులు షరతు పెట్టారు. దాదాపు 8 వేల ఎకరాలు. అమ్మలేరు కాబట్టి 1950ల్లో కొంత భూమిని పరిశ్రమలకు దీర్ఘకాలం లీజుకిచ్చారు. హ్యూలెట్ ప్యాకర్డ్ లాంటి కంపెనీలు అక్కడ వెలిశాయి. సిలికాన్ వ్యాలీ పెరగడానికి అది ఒక ముఖ్య కారణం. గడువు తీరితే నేల మళ్లీ విశ్వవిద్యాలయానిదే. మన దగ్గర ఉస్మానియాను ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ లాంటివి పెరిగాయి. విద్యాసంస్థలు ఒకదాని పక్కన ఒకటి ఉండడం మంచిదే, ఒకరి లైబ్రరీ ఒకరికి, ఒకరి ల్యాబు ఒకరికి పనికొస్తాయి. అయితే ఇక ముందు నేల ఇవ్వాల్సి వచ్చినప్పుడు గడువు, అద్దె, ఉమ్మడి వాడకం రాతపూర్వకంగా ఉండాలి. ధారాదత్తం చేసే కాలం పోయింది.

కొత్తగా చేర్చుకోవడానికి ఎకరం కూడా లేని చోట్లు కూడా ఉన్నాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యం ఆ భవనాలు తీసుకుంటే కొంతకాలం గుంటూరుకు తరలిపోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఒకవైపు సముద్రం, మిగిలిన వైపులా విశాఖపట్నం. ఇలాంటి చోట ప్రణాళిక అంటే ఉన్న గదులను ఎలా వాడుకుంటున్నామన్నదే. మన పాత క్యాంపస్‌లలో మధ్యాహ్నం రెండు దాటాక ఒకసారి తిరిగి చూడండి. ఎన్ని తరగతి గదులకు తాళాలు వేలాడుతుంటాయో, ఎన్ని గదుల్లో విరిగిన బల్లలు, పాత జవాబు పత్రాల కట్టలు నిండి ఉంటాయో. పక్క విభాగంలో పరిశోధక విద్యార్థికి కూర్చోవడానికి కుర్చీ ఉండదు. స్థలం లేదనే ముందు తాళాలు తీసి చూడాలి. గదులన్నీ ఒకే టైమ్‌టేబుల్ కిందికి తెస్తే కొత్త భవనాల జాబితాలో చాలాభాగం కొట్టివేయవచ్చు. దీనికి విభాగాధిపతులు ఒప్పుకోరు, నిజం. ఒప్పించడమే పాలన.

మొదటినుంచీ సరిగ్గా మొదలుపెట్టే అవకాశం ఉన్నది కొత్త క్యాంపస్‌లకు. కందిలో ఐఐటీ హైదరాబాద్, ఏర్పేడులో ఐఐటీ తిరుపతి, అనంతపురం దగ్గర కేంద్రీయ విశ్వవిద్యాలయం. వీటన్నిటికీ నేల కొత్తది, నగరం ఇంకా చుట్టుముట్టలేదు. ఐఐటీ హైదరాబాద్ అయితే 570 ఎకరాలకు పైగా నేలను మొత్తంగా ముందు పెట్టుకుని, జపాన్ సహకారంతో విడతలవారీగా కట్టుకుంటూ వస్తోంది. గచ్చిబౌలి 1975లో ఏ స్థితిలో ఉందో వీటిలో కొన్ని ఇవాళ అదే స్థితిలో ఉన్నాయి. రింగు రోడ్డో, విమానాశ్రయమో, పారిశ్రామిక వాడో వచ్చాక కన్ను పడుతుంది. అప్పుడు మేల్కొంటే లాభం లేదు.

వింటున్నవాళ్లలో పాత విద్యార్థులుంటారు, తల్లిదండ్రులుంటారు, ఇప్పుడు చదువుతున్న పిల్లలుంటారు. మీకు దగ్గరలోని విశ్వవిద్యాలయాన్ని మూడు కాగితాలు అడగమని నా మనవి. ఒకటి, భూమి యాజమాన్య పత్రం, సర్వే పటం. రెండు, పాలకమండలి ఆమోదించిన మాస్టర్ ప్లాన్. మూడు, వచ్చే పదిహేనేళ్లలో ఎంతమంది విద్యార్థులు వస్తారని వేసుకున్న అంచనా, వాళ్లకు ఎన్ని హాస్టల్ సీట్లు ఉంటాయన్న లెక్క. ఉంటే చూపిస్తారు. లేకపోతే లేవని రాతపూర్వకంగా చెప్పాల్సి వస్తుంది, ఆ జవాబే వాళ్ల చేత పని మొదలుపెట్టిస్తుంది. సమాచార హక్కు చట్టం కింద ఈ దరఖాస్తుకు ఫీజు పది రూపాయలు. జవాబు ముప్పై రోజుల్లో రావాలి.